మూడో పెట్టెలో పగడాలు

మూడో పెట్టె మూత తీయగానే నాకు ఒళ్లు మండింది. పగడాలన్నీ తలకిందులుగా ఉన్నాయి.

మా షెడ్డులో పని ఇది. డ్రిల్లరు కొండకి బెజ్జం వేసి మణికట్టు లావు రాతి కడ్డీలు బయటికి తీస్తాడు. వాటిని లోతు ప్రకారం చెక్కపెట్టెల్లో సర్దుతాం. పెట్టెలో ఎడమ కొసకి కడ్డీ పైభాగం, కుడి కొసకి అడుగుభాగం రావాలి. నేను భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూసి రాస్తాను. ఆ రోజు నాలుగింటికల్లా రిపోర్టు వెళ్లిపోవాలి. పక్కనే స్టూలు మీద మా మామయ్య కూర్చున్నాడు. చూపు మందగించినా రోజూ వస్తాడు, వద్దంటే వినడు.

ఆ కొండ పాత పగడపు దిబ్బ అని ముప్పై ఏళ్ల కిందట రాసింది ఆయనే. అలాంటి దిబ్బల్ని తవ్వనివ్వరు, అందుకే అప్పట్నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు క్వారీ వాళ్లు అది ఉత్త రాళ్లకుప్పేనంటున్నారు. నేనూ అదే రాస్తే కొండా పోతుంది, మామయ్య మాటా పోతుంది, అదీ మేనకోడలి చేతుల మీదుగా.

పడవలు నడిపేవాళ్లకి అడుగున తగిలే ఏ రాయైనా దిబ్బే. మా లెక్క వేరు. గోరంత జీవులు సముద్రపు నీళ్లలోంచి సున్నం తీసుకుని గూళ్లు కట్టుకుంటాయి. అవి పోతే వాటి నెత్తిన పిల్లలు కట్టుకుంటాయి. ఒకరకం నాచు పైన సున్నపు పూత పూసి బిగిస్తుంది, సందుల్లో ఇసుక కూరుకుంటుంది. అలా వేల ఏళ్లు పెరిగి, అలల దెబ్బలు కాచుకుని, ఉన్నచోటే రాయైపోతే అది దిబ్బ. తరవాత నేల పైకి లేస్తే కొండ. తుఫాను విరగ్గొట్టి తెచ్చి పోసిన ముక్కలు ఎంత ఎత్తు పేరుకున్నా కుప్పే. అసలు దిబ్బలో పగడం పెరిగినట్టే నిలబడి ఉంటుంది, మొదలు కిందికి, కొమ్మలు పైకి.

ఇక్కడ మొదళ్లన్నీ పైకున్నాయి.

దాచాలనిపించింది, అబద్ధమెందుకు. కానీ దాచడం నాకు చేతకాదు.

"మామయ్యా, పగడాలు బోర్లాపడి ఉన్నాయి."

ఆయన స్టూలు పెట్టె దగ్గరికి జరుపుకున్నాడు. తరవాత అడిగాడు. "ఎన్ని?"

"అన్నీ."

"ఒక్కటీ పక్కకి ఒరగలేదూ?"

"లేదు."

"తుఫానుకి అంత క్రమశిక్షణ ఎక్కణ్ణుంచి వచ్చిందే? గవ్వలేమన్నా ఉన్నాయేమో చూడు."

సిగ్గేసింది. నాకే తట్టాల్సిన సంగతి. వెతికితే ఒక గవ్వ దొరికింది. అందులో సగం బురద, సగం తెల్లటి స్ఫటికం. బురద ఎప్పుడూ అడుగునే దిగుతుంది, మిగిలిన ఖాళీలో తరవాత స్ఫటికం పెరుగుతుంది. ఇక్కడ బురద పై కొస వైపుంది. అంటే తిరగబడింది పగడాలు కాదు, కడ్డీ. పెట్టెలో ఆ చివర ఈ చివరకి పెట్టారు.

డ్రిల్లరుకి ఫోన్ చేసి దులిపేశాను. కళ్లు నెత్తికెక్కాయా అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"మూడో పెట్టె మీరే సర్దారమ్మా. నేను అన్నానికి వెళ్లానుగా."

నాది ఎడమచేతి వాటం. కుడి కొస నుంచి సర్దుకుంటూ వచ్చేశాను. క్షమించమని చెప్పి ఫోన్ పెట్టేశాను.

"ఎవరట?" అన్నాడు మామయ్య.

"నేనే."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "అదీ రిపోర్టులో రాయి," అన్నాడు.

రాశాను. కడ్డీ తిప్పి పెట్టి, మిగతా పెట్టెలన్నీ చూశాను. అడుగుదాకా పగడాలు నిటారుగా, ఒకదాని నెత్తిన ఒకటి, మధ్యలో నాచు పూతతో ఉన్నాయి. మామయ్య వేలు పట్టుకుని ఒక పగడం మీద పెట్టి, మొదలు నుంచి కొమ్మల దాకా నడిపించాను.

ఆయన అదే దారిన వేలు మళ్లీ ఒకసారి నడిపాడు.

"అప్పట్లో డ్రిల్లు ఎక్కడిదమ్మడూ," అన్నాడు. "పైపైన చూసి రాసేశాను. లోపల ఏముందో నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఎవరైనా తవ్వి చూస్తారేమోనని భయపడుతూనే ఉన్నాను."

ఆ వేలు అక్కణ్ణుంచి తీయలేదు. నాలుగవుతుంటే నేను రిపోర్టు మీద ఒంటిచేత్తో సంతకం పెట్టాను. రెండో చెయ్యి ఆయన పట్టుకునే ఉన్నాడు.