ఏడు వందల యాభై వాట్లు

బాగేపల్లిలో కిశోర్, రంజిత దంపతులకు ఒక ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళలో కెమెరా పట్టేది కిశోర్. తీసిన వీడియోను కంప్యూటర్లో కత్తిరించి, అతికించి సినిమాలా చేసేది రంజిత.

గుడిబండెలో బట్టల అంగడి నడిపే సుజాతమ్మ కూతురి పెళ్ళి వాళ్ళే తీశారు. ఆల్బమ్ అందిన కొన్నాళ్ళకే సుజాతమ్మ కొడుకు చిన్మయ్ హైవే మీద బైకు ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత వీడియో సంగతి ఆమె ఎత్తలేదు, వీళ్ళూ అడగలేదు. చాలా నెలలు గడిచాక ఆమే ఫోన్ చేసింది.

"ఇన్ని దినాలూ చూసేకి ధైర్యం చాల్లేదమ్మా. ఇప్పుడు చూడల్లనిపిస్తాండాది. పెండ్లంతా వద్దు. మా చిన్మయ్ యాడ కనిపిస్తే అదంతా ఒకటిగా చేసియ్యి. వాని మాట ఒక్కటి వినిపించినా విడవద్దు."

రంజిత మూడు కెమెరాల వీడియో మొత్తం కూర్చుని చూసింది. చిన్మయ్ కనిపించిన ప్రతి చోటా ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. కానీ అంత పనికి పాత కంప్యూటర్ తట్టుకోలేకపోయింది. కిశోర్ కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చి వేశాడు. దాంతో ఇంకో తంటా మొదలైంది. పని జోరందుకోగానే కంప్యూటర్ టప్పున ఆగిపోయేది.

చింతామణిలో కంప్యూటర్ అంగడి పెట్టుకున్న సునీల్‌కుమార్ కిశోర్‌కు స్నేహితుడు. భార్యాభర్తలిద్దరూ కంప్యూటర్‌ను అతని దగ్గరికి మోసుకెళ్ళారు.

"కార్డు బాగుండాది. నీ ఎస్ఎంపీఎస్ చాల్తా లేదు," అన్నాడు సునీల్, లోపలి భాగాలకు కరెంటు పంచే ఇనప పెట్టెను చూపిస్తూ. "ఇది నాలుగు వందల యాభై వాట్లది. కార్డు, ప్రాసెసర్ రెండూ ఒకేసారి గట్టిగా లాగితే దీనికి శక్తి యాడిది?"

"ఐదు వందల యాభైది వేస్తే?" అన్నాడు కిశోర్.

"నడుస్తాది. అయితే కార్డు ఒక్కోసారి ఉన్నట్టుండి ఇంకా ఎక్కువ లాగుతాది. అప్పుడు మల్లా ఇదే కథ."

రంజిత తొందరపడలేదు. కార్డు డబ్బా మీద రాసింది చదివింది. ప్రాసెసర్, డిస్కులు, ఫ్యాన్లు ఎంత లాగుతాయో అడిగింది. చివరికి పేరున్న కంపెనీది, ఏడు వందల యాభై వాట్లది ఎంచుకుంది.

"సుజాతమ్మ పని మధ్యలో నిలిచిపోకూడదు," అంది.

అంగట్లో జనం ఎక్కువగా ఉన్నారు. "నేనే బిగించుకుంటాలే," అని కిశోర్ దాన్ని ఇంటికి తెచ్చేశాడు.

శ్రద్ధగానే బిగించాడు. మదర్‌బోర్డుకూ కార్డుకూ కొత్త కేబుళ్ళు వేశాడు. డిస్కులకు వెళ్ళే పాత కేబుల్ మాత్రం వెనకవైపు చక్కగా కట్టేసి ఉంది. దాని కొస కొత్త పెట్టెలోనూ సరిగ్గా కూర్చుంది. ఇంక విప్పడం ఎందుకని వదిలేశాడు. స్విచ్ వేయగానే చిటుక్కుమని చప్పుడు, వెంటనే కాలిన వాసన.

ఫోన్‌లో విషయం విన్న సునీల్ ఏ కేబుల్ వేశావని అడిగి తెలుసుకున్నాడు.

"కొస ఒకే మాదిరి ఉంటాదప్పా. తీగల వరుస మాత్రం కంపెనీ కంపెనీకీ వేరే. డిస్కుల్లో ఐదు వోల్టులు పోయే చోట పన్నెండు వోల్టులు పోయుంటాది. నేనైనా చెప్పుండల్ల."

పెళ్ళి వీడియో ఉన్న డిస్కూ, దాని నకలు ఉంచిన డిస్కూ రెండూ ఆ కేబుల్‌కే తగిలించి ఉన్నాయి. కెమెరా కార్డులను ఎప్పుడో చెరిపి వేరే పెళ్ళిళ్ళకు వాడేశారు. కాలిన డిస్కులను, పాడైనవాటిలోంచి వీడియోలు బయటికి తీసే ఒకరికి బెంగళూరులో ఇచ్చి వచ్చారు. వారాల తరబడి చూసి, ఏమీ రాదని ఆయన తిప్పి పంపాడు.

"సుజాతమ్మకు రిపేరీలో ఉండాదని చెప్దామా?" అన్నాడు కిశోర్.

"ఎన్ని దినాలు చెప్తావు?"

ఇద్దరూ గుడిబండె బస్సెక్కారు.

సుజాతమ్మ వాళ్ళను చూడగానే అంగడిని పనివాళ్ళకు వదిలి, ఇంట్లోకి తీసుకెళ్ళి టీవీ ముందు కూర్చోబెట్టింది. పెన్‌డ్రైవ్ తెచ్చారనుకుంది. కిశోర్ నిలబడే ఉన్నాడు.

"తప్పు నాదేనమ్మా," అని మొదలుపెట్టి జరిగింది చెప్పాడు.

"ఏమీ లేదా?"

"లేదమ్మా."

ఆమె చేతిలోని రిమోట్ పక్కన పెట్టింది. అక్కడ నిలబడలేక అతను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె రంజిత వైపు తిరిగింది.

"నువ్వు అంతా చూసినావు కదా?"

"చూసినానమ్మా."

"అయితే చెప్పు. వాడు ఏమేం చేస్తాండె?"

రంజిత చెప్పింది. చుట్టాల బిడ్డను భుజానెక్కించుకుని మండపమంతా తిరిగాడని, తలంబ్రాల బియ్యం అక్క కంట్లో పడితే ఊదాడని, కెమెరా తనవైపు తిరిగితే చేయి అడ్డం పెట్టాడని.

"ఏమన్నె?"

"'నన్నెందుకు తీస్తారన్నా, అక్కను తీయండి' అన్నె."

"నవ్వుతా అన్నెనా?"

అవునంటే ఆమె సంతోషించేది. కానీ రంజితకు ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. "తెలీదమ్మా," అంది, తల వంచుకుని.

సుజాతమ్మ కొడుకు అన్న మాటనే పెదవుల మధ్య ఒకటి రెండుసార్లు అనుకుంది. తర్వాత అడిగింది.

"బిడ్డను అత్తోళ్ళకు ఒప్పజెప్పేటప్పుడు వాడు యాడుండె? నేనెంత వెతికినా కనపళ్ళేదు."

అది మూడో కెమెరాలో పడింది.

"వంటలు చేసే చోటు వెనకాల, నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉండెనమ్మా. ఒక్కడే. మొగం కడుక్కుంటాండె, మల్లా మల్లా."

"ఏడుస్తాండెనా?"

"అవునమ్మా."

సుజాతమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. రంజిత లేచి వస్తానంటే తల కూడా ఎత్తలేదు.