మేక తొడుక్కున్న మేజోడు

ఎండెక్కేలోగా దారిమేక దొరక్కపోతే ఇవాళ మంద కదలదు. ఏటి వంతెన మీద ఆ ముసలి మేక ముందు నడిస్తేనే గొర్రెలు వెనక నడుస్తాయి. లేకపోతే ఒడ్డున నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. ఇంకొక్కసారి మంచు పడితే కనుమ మూసుకుపోతుంది. పొద్దున్నే గుడారం బయట మేక లేని తాడు చూసినప్పటి నుంచీ బత్మకన్ ప్రాణం ప్రాణంలో లేదు.

తోడు వచ్చినవాడు వియ్యంకుడు తెంతిమిష్, కోడలు బురుల్ తండ్రి. ఒకప్పుడు వేటగాడు. ఇప్పుడు కబుర్లే మిగిలాయి.

“అడుగుల మీద నడవకండి వియ్యపురాలా, పక్కన నడవండి. సూర్యుడికి ఎదురుగా చూస్తేనే గుంటలో నీడ కనిపిస్తుంది.”

“తెలుసు లెండి. మా ఆయన మీకు ఈ పాఠం చెప్తున్నప్పుడు టీ పోసింది నేనే.”

మంచులో రెండుగా చీలిన గిట్టల గుర్తులు కొండవాలు ఎక్కుతున్నాయి. అంచులు ఇంకా విరగలేదంటే తెల్లవారాక పడ్డవే. వాటి మధ్య అక్కడక్కడా అరచేయంత గుండ్రటి గుర్తు. తెంతిమిష్ చతికిలబడి గొంతు తగ్గించాడు.

“మంచు చిరుత! గోళ్లు పడలేదు చూడండి. తోడేలైతే గోళ్లు పడతాయి.”

“మరి వేళ్లేవి?”

“పాదం నిండా బొచ్చు కదా, కప్పేసి ఉంటుంది. చిరుత కాదని తేలితే మీ తలగుడ్డ నా తలకు కట్టి ఊరేగించండి.”

బత్మకన్ వంగి చూసింది. గుండ్రటి గుర్తులో అడ్డంగా, నిలువుగా కుట్ల చారలు. అవి తన కుట్లే. భర్త కాదిర్ మేజోడు మడమకి, ఒంటె ఊలు దారంతో తనే వేసింది. ఆ మేజోళ్లు ఇంట్లో మరిచిపోయి, తప్పిపోయిన గుర్రం కోసం కొండెక్కినవాడు మళ్లీ రాలేదు. ఇల్లు ఊడిస్తే వెళ్లినవాడి దారి చెరిగిపోతుందని రోజుల తరబడి చీపురు ముట్టలేదు. చివరికి ఊడవక తప్పలేదు.

ఆమె ఇంకా కిందికి వంగింది.

“వియ్యంకుడుగారూ, చిరుత వెంటపడితే దాని అడుగు మేక అడుగు మీద పడాలి కదా? ఇక్కడ మేక వెనకకాలి గిట్టే ఈ గుండ్రటిదాన్ని తొక్కింది.”

“అయితే మేకే చిరుతను తరిమిందంటారా?”

“మేకకి కాళ్లెన్ని?”

“నాలుగు.”

“గిట్టలు మూడే కనిపిస్తున్నాయి. నాలుగోదేది?”

తెంతిమిష్ గడ్డం గోక్కున్నాడు. “చిరుత తినేసింది.”

బత్మకన్‌కి నవ్వాగలేదు. నిన్న చీకటి పడే వేళ “అత్తా, మేక ముందుకాలు కుంటుతోంది, పాత ఉన్నిముక్క ఏదైనా కట్టనా?” అని బురుల్ అడిగింది. మర్నాటి ప్రయాణం ధ్యాసలో తను “కట్టు” అంది. ఏ ముక్కో అడగలేదు.

బండరాయి మలుపు తిరిగేసరికి ముళ్లపొద పక్కన దారిమేక తీరిగ్గా నెమరు వేస్తోంది. ముందుకాలికి కాదిర్ మేజోడు.

“నా కూతురు చేసిన పనా ఇది!” అన్నాడు తెంతిమిష్.

“మీ కూతురే. ఇంటికెళ్లాక దాని పని చెప్తాను. ముందు తల వంచండి.”

పూల తలగుడ్డ గడ్డం కింద బిగించి ముడి వేసింది. మేక మెడలో తాడు వేసి, కుంటికాలి కుట్ల మీది మంచు వేలితో తుడిచింది.

“చెప్పకుండా కొండెక్కడం ఆయన దగ్గరే నేర్చావా?” అంది మేకతో. “ఈసారి మాత్రం వెనక్కి తీసుకొస్తున్నాను.”

దిగేటప్పుడు తెంతిమిష్ మేజోడు గుర్తుల మీదుగానే నడవబోయాడు.

“పక్కన నడవండి.”

“మేక దొరికింది కదా! ఎండకి ఎలాగూ కరిగిపోయేవే ఇవి.”

“కరిగితే కరగనివ్వండి,” అంది బత్మకన్, “మీరు తొక్కకండి.”