గుడి తలుపు రెండో రెక్క

ఆదివారం పొద్దున పేటలో కొత్తగా జరిగేదేమీ ఉండదు. ఆడవాళ్ళు తలకు చమురు పెట్టుకుంటారు. మగవాళ్ళు వారమంతా చెవుల్లో చేరిన రాతిపొడి కడుక్కుంటారు. అందరూ పోయి గుడి ముందు నిలబడి ఎదురుచూస్తారు. బేతంచెర్ల నాపబండల గనుల పక్కనుండే ఆ పేటలో చర్చిని గుడి అనే అంటారు. దాని తలుపుకు తాళం లేదు, గడియ లేదు. తోస్తే రాదు, లాగితే రాదు. లేమిలో ఉన్నవాడెవడైనా వచ్చి ఎదుట నిలబడితే మాత్రం కుడి రెక్క తనంతట తానే తెరుచుకుంటుంది. ఎడమ రెక్క ఎన్నడూ కదల్లేదు. వడ్రంగి దాన్ని అందానికి పెట్టాడేమోనని జనం సరిపెట్టుకున్నారు.

"ప్రభువు వచ్చినాడా?" అని వెనకొచ్చినవాళ్ళు అడుగుతారు.

"ఇంకా ల్యాదు. స్టేషన్ దావలో కుంటుకుంటా వస్తాండాడు."

గుడి కట్టించిన పాత పాదిరి అయ్యగారు, ఈ తలుపు ముందు లేమితో నిలబడినవాడెవడైనా సరే వాడే ప్రభువని చెప్పిపోయాడు. జనం నమ్మారు. నమ్మడానికి ఖర్చేమీ లేదు గనక గట్టిగానే నమ్మారు. ఈ కథ చెప్పేవాడి భక్తి కూడా ఆ ధరకు కొన్నదే.

వానలు బాగా పడిన ఏళ్ళలోనే చిక్కు. ఆకలిగా ఉన్నవాణ్ణి వెదకాలి. ఒక ఆదివారం దొరికినవాళ్ళంతా కడుపు నిండినవాళ్ళే కావడంతో పాటలన్నీ ఎండలోనే పాడుకుని ఇళ్ళకు పోయారు. ఆ రోజే సంఘపెద్ద ప్రేమయ్య ఒక ఏర్పాటు చేశాడు. గిడ్డయ్య ఒకప్పుడు గనిలో బండలు తీసేవాడు. బండ జారి కాలు నలిగింది. నా అన్నవాళ్ళు లేరు. ప్రతి ఆదివారం అతను వచ్చి తలుపు ముందు నిలబడాలి. గుడి విడిచాక ఇంటికొక పిడికెడు జొన్నలు పోస్తారు.

గిడ్డయ్య నిలబడేవాడు, కుడి రెక్క తెరుచుకునేది, జనం ఒకరి వెనక ఒకరు ఒత్తిగిల్లి లోపలికి దూరేవారు. ప్రేమయ్య బొజ్జ వారం వారం ద్వారబంధానికి రాసుకుని, అక్కడి కొయ్య నున్నగా తేలింది. అందరూ లోపలికి పోయాక గిడ్డయ్య బయట చెప్పుల దగ్గర కూర్చునేవాడు. లోపలికి రావద్దని అతనితో ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

కరువు పోయి, సర్కారు గంజి కేంద్రాలు ఎత్తేసి, జొన్న ఇంటికొచ్చిన ఏడాది అది. గుడికి కొత్త గంట వచ్చింది. దాన్ని ప్రతిష్ఠించడానికి నంద్యాల నుంచి పెద్దయ్యగారు ఆదివారం వస్తున్నారు. ప్రేమయ్యకు భయం పట్టుకుంది. పంటొచ్చిన సంబరంలో జనం గిడ్డయ్యకు చేతికి ఎముక లేకుండా పెడుతున్నారు మరి.

"శుక్రవారం నుంచి గిడ్డయ్యకు ఎవరూ మెతుకు పెట్టగూడదు" అని చాటించాడు. "పెద్దయ్యగారి ముందర తలుపు మొండికేస్తే పేట పరువు యాడుంటాది?"

అందరూ తలలూపారు. గిడ్డయ్య కూడా ఊపాడు.

గంగక్క ఊపలేదు. బాప్తిస్మంలో ఆమెకు రిబ్కమ్మ అని పెట్టారు గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. గనిలో బండలెత్తి లారీలకేసే మనిషి. శనివారం మధ్యాహ్నం బండల గుట్ట వెనక గిడ్డయ్య కడుపుకు తువ్వాలు బిగించి కట్టుకుని పడుకోవడం చూసింది. ఇంటికి పోయి జొన్న సంగటి కెలికింది, చెనిక్కాయల పచ్చడి ఊరిమిండి నూరింది, తట్ట నెత్తినబెట్టుకుని నడివీధిలో ప్రేమయ్య అరుగు ముందు నుంచే బయల్దేరింది. వెనక సందు లేకపోలేదు.

"ఏమ్మా గంగక్కా, యాడికి?"

"ప్రభువుకు సంగటి పెట్టను పోతాండా, పెద్దప్పా."

"నా మాట ఇనపడల్యాదా? రేపు గుడి విడిచినంక పెట్టుకో, బండెడు పెట్టుకో!"

"ఆయప్పను పస్తుపెట్టి ఆయప్ప గుళ్ళోకే దూరేదా? మీకు అట్ల సాగుతాదేమో, నాకు సాగదు."

గిడ్డయ్య ముద్ద చూసి తట్ట వెనక్కి నెట్టాడు. "వద్దక్కా. తలుపు తెరుచుకోదు. నా నౌకరీ పోతాది."

"తిను. తలుపు సంగతి తలుపు చూసుకుంటాది."

తిన్నాడు. ఆదివారం పొద్దున ఆమె మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిన్నాడు.

పెద్దయ్యగారు స్టేషన్‌లో దిగి జట్కాలో వచ్చారు. దండలు వేశారు. గిడ్డయ్య పోయి తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు కదల్లేదు. గిడ్డయ్య తేన్చాడు. ఊరిమిండి వాసన పెద్దయ్యగారి దాకా పోయింది.

ప్రేమయ్య ముఖం మాడిపోయింది. "చూసినారా ఈమె నిర్వాకం! గంగక్కను ఇప్పుడే సంఘం నుంచి తీసేస్తాండా. పో బయటికి!"

"యాడ నుంచి తీస్తావప్పా?" అంది గంగక్క. "అందరమూ బయటే ఉండాం గదా."

జనం నవ్వారు. పెద్దయ్యగారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. గంగక్క గిడ్డయ్య వైపు తిరిగింది.

"కడుపు నిండింది గదా?"

"నిండిందక్కా."

"మరి మొగం ఇంకా అట్లనే ఉండాదే. ఇంకేం కావల్ల నీకు?"

ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"లోపలికి పోవల్ల. ఆడ పరిచిన బండలు నేను తీసినవే, కాలు బాగున్నప్పుడు. పరిచినంక చూడల్యా." మూసిన తలుపు మీద చెయ్యి పెట్టాడు. "చూసేదొకటే కాదు. అందర్తో కూర్చోవల్ల."

"సరే సరే, ముందు తలుపు తెరవనీ" అన్నాడు ప్రేమయ్య. "లోపలి సంగతి తర్వాత చూద్దాం."

గిడ్డయ్య తలెత్తాడు. "తర్వాత ల్యాదప్పా. ఇన్నేండ్లూ నేను కూర్చున్నది ఆ తర్వాతలోనే."

గంగక్క అతని చెయ్యి పట్టుకుంది. "రా. నా పక్కన కూర్చో. వద్దనేవాళ్ళ మొగాలు నేనూ చూస్తా."

కిర్రుమంది తలుపు. ముందు ఎడమ రెక్క, తుప్పు రాల్చుకుంటూ, పాత సాలెగూడు తెంచుకుంటూ. దాని వెనకే కుడి రెక్క. ఎద్దులబండి పట్టేంత దారి తెరుచుకుంది. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ప్రేమయ్య భార్య రామలక్ష్మమ్మ మాత్రం "ఇంత వెడల్పుండాదా!" అని చెంగు సర్దుకుని నడిచింది.

గిడ్డయ్య కుంటుకుంటూ బండలన్నీ అరికాలితో పలకరించుకుంటూ పోయి, అందరికంటే ముందున్న బండ మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. పెద్దయ్యగారు తన కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నారు.

ఆ తర్వాత తలుపు మూసుకోలేదు. వడ్రంగులు వచ్చి ఓడిపోయారు. మేకలు లోపలికొచ్చి పాటల పుస్తకాల అట్టలు తిన్నాయి. గిడ్డయ్యకు పాత నౌకరీ పోయి కొత్తది వచ్చింది. వచ్చినవాళ్ళందరినీ "ఏం కావల్ల నీకు?" అని అడుగుతాడు. అడిగి, చెప్పేదాకా కదలడు.

ప్రేమయ్య మాత్రం ఆ తలుపు మూసుకునేదాకా గుళ్ళో అడుగుపెట్టనని ఒట్టేసుకున్నాడు. ఆదివారం వచ్చి చెప్పుల దగ్గర ఎండలో కూర్చునేవాడు. ఆయన కోపం ఆయనదని జనం పక్కనుంచి పోయేవారు. లోపల పాట మొదలైతే బయట ఆయన పెదవులు కదిలేవి.

ఒక వారం పాట మధ్యలో గిడ్డయ్య లేచి బయటికొచ్చాడు.

"ఏం కావల్లప్పా నీకు?"

"ఏమొద్దు. చెప్పులు చూసుకుంటాండా."

"శానా ఏండ్లు చూసినా. అవి యాడికీ పోవు. లెయ్."

"నన్నెవరు రమ్మన్నారు?"

"నేను రమ్మంటాండా. కాదనేవోడుంటే నా ముందుకు రమ్మను."

గిడ్డయ్య చాపిన చెయ్యి పట్టుకుని ప్రేమయ్య లేచాడు. ఇద్దరూ పక్కపక్కనే నడిచి లోపలికి పోయారు. బొజ్జ ఎటువైపూ రాసుకోలేదు.