మారు మోటారు

వరంగల్లులో రాజేశ్వర్ రావుది తండ్రి నాటి మోటార్ల కంపెనీ. వెంకట్రాజం అందులో పద్దెనిమిదేళ్లుగా మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ మేస్త్రీ. కాలిపోయిన బావి మోటార్లను రైతులు బస్సు మీద వేసుకొచ్చి, బాగయ్యేదాకా వారం రోజులు తిరిగేవాళ్లు. ఆలోపు పొలం నెర్రెలు బారేది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో వెంకట్రాజానికి ఒక ఆలోచన వచ్చింది. కాలిన మోటారు తీసుకుని, అది బాగయ్యేదాకా నడిచే మోటారు ఒకటి రైతు చేతిలో పెడితే?

"మంచిగనే ఉంది. గని కొత్త మోటార్లు ముట్టద్దు, డ్యూటీ ఆగద్దు" అన్నాడు రాజేశ్వర్ రావు.

డ్యూటీ దిగాక వెంకట్రాజం రెండు నెలలు గోదాములో తుక్కు ఏరి ఐదు మోటార్లు నడిచేలా చేశాడు. ఆదివారాలు వాటిని నర్సంపేట తీసుకుపోయాడు. మొదటిది బక్కమ్మ అనే రైతుకు ఇచ్చాడు. ఆమె వరి పొట్ట మీదుంది, అప్పుడు నీళ్లు తప్పితే గింజ పట్టదు. పొద్దుగూకక ముందే బావిలోంచి నీళ్లు దూకాయి.

"నువ్వు రాకుంటే ఎండిన మడిల గొడ్లను ఇడుస్తుంటి బిడ్డా" అందామె.

మూడేళ్లలో చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ కంపెనీకే వచ్చాయి. అప్పుడు రాజేశ్వర్ రావు నర్సంపేటలో బ్రాంచి తెరిచాడు. కుర్చీలో మాత్రం బామ్మర్ది కిషన్ రావును కూర్చోబెట్టాడు.

"నువ్వు అలిసినవ్, జర రెస్ట్ తీస్కో" అన్నాడు వెంకట్రాజంతో. ఆ వారం నుంచి అతని నర్సంపేట ప్రయాణాలు ఆగాయి. ఆదివారం ఇంట్లో ఏం చేయాలో తెలియక కాసేపు గడపలో కూర్చున్నాడు.

కిషన్ రావు మారు మోటార్లు ఆపేశాడు. అవి ఇస్తే కొత్తవి ఎవరు కొంటారని అతని వాదం. రైతులు వరంగల్లుకు వచ్చి వెంకట్రాజాన్నే నిలదీశారు.

"సొంతంగ షాపు పెట్టరాదు?" అంది భార్య పద్మ.

"మల్ల మొదటి నుంచి మొదలువెట్టే ఓపిక నాకు లేదే."

ఏడాది తిరక్కుండానే నర్సంపేట బ్రాంచిలో ఈగలు తోలుకోవడమే పనైంది. రాజేశ్వర్ రావు పిలిపించాడు.

"నువ్వే పోవాలె వెంకట్రాజం. నిన్నే అడుగుతాండ్రు."

"పోత సారు. గని మోటారు బాగయ్యేదాక మారు మోటారు ఇస్తమని కంపెనీ కాయితం మీద రాసియ్యుండ్రి. రేపు నేను లేకున్నా అది ఆగద్దు."

రాజేశ్వర్ రావు కలం తీసి రాసిచ్చాడు.

సోమవారం నర్సంపేట బస్సెక్కాడు వెంకట్రాజం. గెలిచానన్న సంతోషం వస్తుందేమోనని కొంచెంసేపు చూశాడు. కిటికీకి తల ఆన్చగానే నిద్ర పట్టేసింది. ఊరొచ్చాక కండక్టరే భుజం తట్టి లేపాల్సి వచ్చింది.