అటక మీది జత

జకర్యా గోటితో గిల్లుతున్నాడు. గిల్లించుకుంటున్నవి టైర్లు కాబట్టి కిక్కురుమనడం లేదు. రాంగోపాల్‌పేట్‌లోని ఆ దుకాణం షట్టరు లేచిన ప్రతి ఉదయం ఇదే మొదటి పని. వరసగా వేలాడే టైర్ల పక్కన నడుస్తూ ఒక్కొక్కదాని చెంపన కుడి బొటనవేలి గోరు గుచ్చి వదులుతాడు. గుర్తు పడి మెల్లగా మాయమైతే రబ్బరులో ప్రాణం ఉన్నట్టు. గోరు జారిపోతే ఆ టైరు పని అయిపోయినట్టు. ముప్పై ఎనిమిదేళ్లుగా గిల్లీ గిల్లీ ఆ గోరు పలకలా మందమెక్కింది. దాని అంచున చెరగని నల్లటి గీత ఒకటి. పెళ్లయిన కొత్తలో భార్య మార్త ఆ నలుపు వదిలించాలని నెల రోజులు నిమ్మచెక్కతో రుద్దింది. ఆ తర్వాత నిమ్మకాయను పులిహోరకు వాడుకోవడమే మేలని గ్రహించింది.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం ఒంటి కొలతకు రెండు సైజులు పెద్దవి. నడినెత్తి అరిగిన టైరులా నున్నగా ఉంటుంది, పక్కల మాత్రం కాస్త గాట్లు మిగిలాయి. పంక్చర్ పనే అయినా పంక్చువల్‌గా వస్తాడు. మల్కాజ్‌గిరి నుంచి రైలు ఆలస్యమైతే రైలు తరఫున తనే క్షమాపణ చెబుతాడు. అరవై రెండేళ్లొచ్చాయి, రిటైర్ ఎప్పుడని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

“రీ-టైర్ అంటే ఏంది సార్? మళ్ళ టైరే గదా! రోజూ అయితనే ఉన్న.”

ఆ మాటకు నవ్వే వాళ్లలో మొదటివాడు సత్యదేవ్, దుకాణం యజమాని. తండ్రి పోయాక ఆ కుర్చీలో కూర్చున్న ముప్పై నాలుగేళ్లవాడు. పసితనంలో ఇదే దుకాణంలో లారీ టైరు నడుమ బొంత పరిచి పడుకోబెడితే నిద్రపోయినవాడు. జకర్యా అతణ్ణి సేటూ అంటాడు, అతను జకర్యాను అంకుల్ అంటాడు. ఇద్దరి మధ్యా ఎన్నడూ గాలి తగ్గలేదు, ఒక్క విషయంలో తప్ప. అది అటక మీది జత.

పన్నెండేళ్ల కిందట పెద్దసేటు, అంటే సత్యదేవ్ తండ్రి, ఎక్కడినుంచో తెప్పించిన విదేశీ టైర్లు అవి. అరవైల నాటి జావా మోటారు సైకిళ్లకు మొదట వచ్చిన నమూనా, అచ్చం అదే గాట్ల వరస. వాటిని జకర్యా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అటక మీద దాచాడు. ఏటా రెండుసార్లు దింపి, సుద్దపొడి చల్లి, పసిబిడ్డకు పౌడరు రాసినట్టు రాసి, మళ్లీ చుట్టేవాడు. అమ్మడానికి మాత్రం మనసు రాలేదు. అడిగినవాళ్లు పదకొండు మంది. ఒక డాక్టరు బండికి హ్యాండిల్ మారిందన్నాడు. ఒక సినిమా వాళ్ల బండికి రంగు తప్పన్నాడు. ఇంకొకాయన బండి అన్నివిధాలా బాగుంది గానీ, దాన్ని స్టాండు వేసేటప్పుడు ఆయన కాలితో తన్నాడు. “తన్నెటోనికి టైర్లా?” అని పంపేశాడు. బండ్లు చూపించుకోవడానికి వచ్చేవి, జకర్యా పెళ్లికూతురి తండ్రిలా ఏదో ఒక వంక పెట్టేవాడు.

ఆ శుక్రవారం పదకొండింటికి వీధి మలుపులోనే శబ్దం వినిపించింది. రెండు పొగ గొట్టాల నుంచి టకటకమని, తొందర లేని శబ్దం. జకర్యా తల ఎత్తకుండానే అన్నాడు.

“జావా. అరవై అయిదు.”

“అరవై ఆరు అంకుల్,” అంటూ దిగింది ఒకావిడ. పేరు అనుపమ, యాప్రాల్‌లో ఉంటుంది, బ్యాంకులో ఉద్యోగం. నలభై దాటాయి. బండిని స్టాండు వేసేటప్పుడు ఒక చెయ్యి సీటు కింద పెట్టి, నిద్రపోయే బిడ్డను దించినట్టు దించింది. జకర్యా అది చూశాడు.

బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముదురెరుపు ట్యాంకు, దాని బుగ్గలకు క్రోమియం. రంగు సరిగ్గా ఉంది. స్పానర్‌తో చక్రాల చువ్వలను ఒక్కొక్కటే తట్టి విన్నాడు. ఏదీ అపశ్రుతి పలకలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క అతని మొహంలో ఒక రకమైన భయం కనిపించింది.

“మా డాడీ బండి అంకుల్. మూడేళ్ళ సంది ఒక్కొక్క నట్టు వెతికి వెతికి పెట్టిండు. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు పనిచేస్తలేవు. ఎల్లుండి పాత బండ్ల ర్యాలీల నేనే నడుపుత, ఎనక మా పాప కూసుంటది. టైర్లకే పది మార్కులంట, అసలు నమూనా ఉంటెనే ఇస్తరంట. ఆ పది వస్తె ఫస్ట్ ప్రైజ్ మాదే. డాడీ గోడకు మేకు సుత కొట్టి పెట్టుకున్నడు, సర్టిఫికెట్ తగిలించనీకె.”

జకర్యా స్పానర్ కింద పెట్టాడు. నిచ్చెన తీసి అటకకు ఆనించాడు.

“అంకుల్! నిజంగ ఇస్తున్నవా?” సత్యదేవ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఆగు, ఫోటో తీస్త. ఎవ్వరూ నమ్మరు.”

ప్లాస్టిక్ కాగితం విప్పుతుంటే ఇద్దరూ దగ్గరికొచ్చారు. నల్లగా, నిండుగా, సుద్దపొడి మెరుపుతో ఉన్నాయి టైర్లు. అచ్చు పోసినప్పుడు మిగిలే సన్నని రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి. అనుపమ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇవే, ఇవే! డాడీ పాత ఫోటోల ఉన్నయి ఇవే!” అంది. జకర్యా ఛాతీ ఆ క్షణంలో పంపు పెట్టి కొట్టినట్టు పొంగింది. పన్నెండేళ్లుగా అందరూ మొండివాడన్నారు. ఇప్పుడు ఎవరేమంటారో వినాలని ఉంది.

అంతలో అతని బొటనవేలు, ఎవరూ చెప్పకుండానే, టైరు చెంప మీదికి వెళ్లింది.

గోరు జారింది.

మళ్లీ గిల్లాడు. మళ్లీ జారింది. టైరును గడప దాకా తీసుకెళ్లి, ఎండలో చెంపను వంచి చూశాడు. గాట్ల అడుగున వెంట్రుక మందాన పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలా అటూ ఇటూ పాకి ఉన్నాయి. పక్కన నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. తొమ్మిదో వారం, రెండు వేల పదమూడు. దుకాణానికొచ్చిన ప్రతివాడికీ ఆ అంకెలు చదివి వినిపించే మనిషి, ఈ జత మీద మాత్రం ఒక్కసారీ చదవలేదు. కన్నబిడ్డ వయసు కన్నవాడికి కనబడదు. ఎండ తగలకుండా చూశాడు, దుమ్ము తగలకుండా చూశాడు. ఏళ్లు తగలకుండా చూడలేకపోయాడు.

వెనక్కి తిరిగి చూశాడు. సత్యదేవ్ ఫోటోలు తీస్తున్నాడు. అనుపమ తండ్రికి ఫోన్లో చెబుతోంది. ఆ గోరు అతనిది, ఆ చూపు అతనిది. తను నోరు మూసుకుంటే ఈ సంగతి మరో మనిషికి తెలియదు. నోరు విప్పితే మాత్రం మంచి టైర్లను పన్నెండేళ్లు కూర్చోబెట్టి ముసలివాటిని చేసిన తెలివిమంతుడు తనేనని అందరి ముందూ ఒప్పుకోవాలి. టైరును నేలకు ఆనించి కాసేపు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“అమ్మా, ఇవి ఇయ్య.”

“మళ్ళ షురూ చేసిండు!” అని సత్యదేవ్ నెత్తి కొట్టుకున్నాడు. “ఈ బండికేం తక్కువైందయ్యా?”

“బండికి ఏం తక్కువ లేదు, సేటూ. టైర్లకే వయసు ఎక్కువైంది. పట్టు పోయింది. చూస్తె పెండ్లికొడుకు, బ్రేకు పడితె జారిపోతది.”

అనుపమ ఫోన్ దించింది. “అంకుల్, ఇరవై కిలోమీటర్లే. ఒక్క రోజే. మెల్లగ నడుపుత.”

“నువ్వు మెల్లగ నడుపుతవమ్మా. బ్రేకు మెల్లగ తొక్కుతవా? ఎనక పాప కూసుంటది.”

“మరి పన్నెండేండ్లు ఎందుకు దాచినవ్ అంకుల్?” సత్యదేవ్ గొంతులో నవ్వు లేదు. “ఎంతమంది అడిగిండ్రు! అప్పుడిస్తె తిరుగుతుండె గదా రోడ్ల మీద.”

“తప్పు నాదే. మంచి బండి రావాలె, మంచి బండి రావాలె అని కూసున్న. వచ్చింది. గివి పోయినయ్.”

అంతే అని, లోపలికి వెళ్లి రంపం తెచ్చాడు. టైరు అంచులో ఉక్కు తీగ ఉంటుంది, అది తెగితే ఇక ఏ రిమ్ముకూ ఎక్కదు. సత్యదేవ్ చెయ్యి పట్టుకోబోయేలోపే మొదటిదాని తీగ తెగింది.

“అరే! పాగల్ అయినవా? గోడకన్న తగిలించుకుందుము గదా!”

“గోడ మీద ఉంటె రేపు నువ్వో నేనో అమ్ముతం, సేటూ. నా మీద నాకు సుత నమ్మకం లేదు.” రెండోది కోశాడు. తర్వాత రెండిటినీ దుకాణం వెనక్కి దొర్లించి, చేతులు కడుక్కుని వచ్చాడు.

ఆపైన ఎంపిక మొదలైంది. అదే కొలత టైర్లు దుకాణంలో అయిదు ఉన్నాయి, మామూలువి, స్థానికంగా తయారైనవి, ఏ ఫోటోలోనూ ఎవరూ చూసి మురిసిపోనివి. అయిదింటినీ నేల మీద దొర్లించాడు, వంచాడు, గిల్లాడు, అంకెలు చదివాడు, వాసన చూశాడు. ముందుకు నిలువు గీతలది, వెనక్కి గళ్ల గాట్లది. రెండూ ఆరు వారాలవి.

“పురిటి వాసన సుత పోలే. గివి ఏస్త.”

అనుపమ వాటిని చూసి నిట్టూర్చింది. “పట్టుచీర కట్టి రబ్బరు చెప్పులు ఏసుకున్నట్టుంటది అంకుల్.”

“చెప్పులు జారకుంటె చాలమ్మా. చీర సంగతి చూసెటోళ్ళు చూసుకుంటరు.”

ఆమె నవ్వకూడదనుకుంది. నవ్వింది. తర్వాత బయటికెళ్లి తండ్రితో చాలాసేపు మాట్లాడి వచ్చింది. ఏం జరిగిందో చెప్పలేదు గానీ, “ఏసెయ్ అంకుల్,” అంది.

దుకాణంలో టైర్లెక్కించే యంత్రం ఉంది. పాత రిమ్ముల క్రోమియాన్ని అది గీకుతుందని జకర్యా చేత్తోనే చేస్తాడు. పాతవి విప్పి, రిమ్ము తుడిచి, ట్యూబు మీద సుద్దపొడి చల్లి, టైరు మీది పసుపు చుక్కను వాల్వు దగ్గరికి తెచ్చి, సబ్బునీళ్లు రాసి, రెండు లివర్లతో అంగుళం అంగుళం లోపలికి నొక్కుకుంటూ పోయాడు. లివరు, రిమ్ము నడుమ గుడ్డముక్క పెట్టాడు. గాలి కొట్టి చక్రాన్ని తిప్పి, పక్కన సుద్దముక్కను కదలకుండా పట్టుకున్నాడు. తిరుగుతున్న టైరు సుద్దకు వెంట్రుకవాసి దూరంలో సాగిపోయింది. ఎక్కడా తగల్లేదు, ఎక్కడా దూరం జరగలేదు. తిరిగే వస్తువే గానీ తిరుగులేకుండా తిరిగింది.

అనుపమ తాళం అందుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బిగించినవాడే ముందు ఎక్కాలి, అది జకర్యా రివాజు. ఇప్పటిదాకా అతను ఎక్కకుండా ఒక్క చక్రమూ ఆ వీధి దాటలేదు.

రాణిగంజ్ వైపు పోయి వచ్చాడు. మలుపులో బండి కొద్దిగా వాలింది, రోడ్డును పట్టుకుని మళ్లీ లేచింది. కూరగాయల బండి దగ్గర కావాలని బ్రేకు తొక్కి చూశాడు. ఆ మామూలు టైర్ల మీద, ఆ ఎర్ర బండి మీద, నడుం నిటారుగా పెట్టి వస్తున్న అతణ్ణి చూసి సత్యదేవ్ మళ్లీ ఫోను తీశాడు.

“కొత్త టైరుకు మీద నున్నటి పొర ఉంటదమ్మా. రేపు వంద కిలోమీటర్లు ఉత్తగనే తిప్పు. ఎల్లుండికి తయార్.”

సాయంత్రం స్టేషన్‌కు నడిచి, రైలెక్కి, మల్కాజ్‌గిరిలో దిగి, ఇంటికెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. మార్త టీ ఇచ్చింది.

“ఏంది, మొహం వెలుగుతుంది?”

“ఇయ్యాల మంచి బండి వచ్చింది. టైర్లు ఏసిన.”

“పైనున్న జతనా?”

“కాదు. మంచియే ఏసిన.”

శనివారం ఎప్పటిలాగే దుకాణానికి వచ్చి, ఎప్పటిలాగే గిల్లి, వెళ్లాడు. ఆదివారం ఉదయం చర్చికి తయారవుతూ, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కుర్చీలో కూర్చున్నాడు. మార్త బైబిలు తీసుకుని వచ్చేసరికి మూడు గుండీలు పెట్టుకుని ఉన్నాడు. నాలుగోది పెట్టుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఎర్ర జావా దుకాణం ముందు ఆగింది. అనుపమ చేతిలో మడిచిన కాగితంతో నవ్వుతూ దిగింది. జకర్యా ఇక లేడని సత్యదేవ్ చెప్పాడు. ఆమె చాలాసేపు బండి హ్యాండిల్ వదల్లేదు.

“ర్యాలీల కార్ఖానా చౌరస్తా కాడ ముందున్న కారు ఠక్కున ఆగింది సత్యదేవ్ గారూ,” అంది చివరికి. “తొక్కిన. గీత గీసినట్టు ఆగింది. పాపకు ఏమైందో సుత తెల్వదు, ఎనక పాట పాడుకుంటనే ఉంది. డాడీ ఇది అంకుల్‌కు చూపించి రమ్మన్నడు. ఫస్ట్ రాలేదు, థర్డ్ సుత రాలేదు. అయినా చూపించి రమ్మన్నడు.”

సత్యదేవ్ జకర్యా కూర్చునే పొట్టి స్టూలును చూపించాడు. ఆమె కాగితం మడత విప్పి దాని మీద పెట్టి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయింది. అది ర్యాలీ మార్కుల కాగితం. రంగుకు తొమ్మిది, ఇంజనుకు పది, సీటుకు ఎనిమిది, వాటి కింద టైర్లు అన్న గడిలో ఎర్ర సిరాతో ఒక పెద్ద సున్నా, ఎక్కడా వంకర లేకుండా గుండ్రంగా.