డ్రైవర్ హజరత్తయ్య

కిరసనాయిలులో నానిన కట్టెబొగ్గు ముక్కలను హజరత్తయ్య ఒక్కొక్కటిగా ఇంజను పొయ్యిలోకి జారవిడిచాడు. పొయ్యి నోరు అరచేతి కన్నా పెద్దది కాదు. వెలిగించిన గుడ్డపీలిక లోపలికి తోసి, పొగగొట్టం మీద చిన్న ఫ్యాను పెట్టగానే మంట గుప్పున లేచింది. ఆ పైన రాక్షసిబొగ్గు వేశాడు, ఉసిరికాయలంత ముక్కలుగా తానే కొట్టుకున్నది. మోకాలెత్తు ఇంజను, బారెడు పొడవు. అయినా అసలు ఇంజనుకు ఉన్నవన్నీ దీనికీ ఉన్నాయి: రాగి బాయిలరు, ఇత్తడి కూత, లోపల నీళ్లెంత ఉన్నాయో చూపించే సన్నని గాజుగొట్టం.

"ఆవిరి ఎంతొచ్చింది డ్రైవర్ గారూ?" దూరం నుంచే అడిగాడు సుశీల్ కుమార్.

"ఇంకో పావుగంట సార్."

డ్రైవర్ గారూ అన్న పిలుపు విన్నప్పుడల్లా హజరత్తయ్య చూపు నేల మీదికి దిగిపోతుంది. అల్లూరు దాటాక, రొయ్యల గుంటల పక్కన అరెకరం చెక్కలో ఈ మోడల్ ఇంజనీరింగ్ క్లబ్బు ఉంది. పోర్టులో ఇంజనీరుగా రిటైరైన సుశీల్ కుమార్, మరో ఆరుగురు మిత్రులు కలిసి పెట్టుకున్నారు. కోడిగుడ్డు ఆకారంలో రెండు వందల గజాల పట్టాలు పరిచారు. ఆదివారాలు పిల్లాపాపలతో జనం వచ్చి బుల్లిరైలెక్కి రెండు చుట్లు తిరిగి పోతారు. మూడేళ్ల కిందట పని అడగడానికి వచ్చినప్పుడు, రైల్వేలో ఏం చేసేవారని సుశీల్ కుమార్ కుర్చీ చూపించి మరీ అడిగాడు. జీవితంలో ఏ ఆఫీసరూ అతనికి కుర్చీ చూపించలేదు. "డ్రైవర్ని సార్, బిట్రగుంట షెడ్డులో, పదకొండేళ్లు" అని నోటి నుంచి ఊడిపడింది.

అతను ఆ షెడ్డులో క్లీనరు. నూనెపీచుతో ఇంజన్లు తుడిచాడు, బూడిద ఎత్తిపోశాడు. ఆవిరి ఇంజన్లు పోయాక గేటు దగ్గర కాపలా. రిటైరయ్యే దాకా అంతే. కదులుతున్న ఇంజను మీద ఒక్క రోజైనా నిలబడలేదు. మీరు రైలు తోలేది చూస్తానని భార్య కామమ్మ ఎన్నిసార్లు అడిగినా, ఆడ నీడ లేదు, ఎండదెబ్బ తగులుతుందని ఆపేశాడు.

పది గంటలకు కారు వచ్చి ఆగింది. అందులోంచి సుభాషిణి అనే అమ్మాయి చెయ్యి పట్టుకుని వాళ్ల తాతను దించింది. ఎనభై అయిదేళ్లుంటాయి. తెల్ల పంచె, గుండీలన్నీ పెట్టుకున్న చొక్కా, చెవిలో మిషను.

"ఈ రోజు మన క్లబ్బులో సన్మానం ఉంది. బిట్రగుంట డ్రైవరు చిన్నపోలయ్య గారికి!" అన్నాడు సుశీల్ కుమార్ జనంతో. "మన హజరత్తయ్య గారూ అక్కడి డ్రైవరే. ఇద్దరికీ ఒకేసారి శాలువా కప్పుదాం."

హజరత్తయ్య నూనెడబ్బా కింద పెట్టేశాడు. ఎన్ని తెల్లవారుజాముల్లో ఆయన ఇంజను తుడిచాడో! క్లీనర్ను పేరు పెట్టి పిలిచే డ్రైవరు ఆ షెడ్డులో ఆయన ఒక్కడే.

ముసలాయన దగ్గరికొచ్చి, అతని ఎడమ కనుబొమ్మ మీద గాటు వైపు చాలాసేపు చూశాడు.

"హజరత్తువి గదా నువ్వు?"

"అవునయ్యా."

"డ్రైవరువంట?"

అందరూ నవ్వుమొహాలతో చూస్తున్నారు. హజరత్తయ్య చేతులు నూనెపీచుకు తుడుచుకున్నాడు. ముసలాయన అతని చెయ్యి పట్టుకుని వేళ్ల సందుల్లోని మసిని బొటనవేలితో రుద్దాడు. తర్వాత జనం వైపు తిరిగి, "మావాడే. చానా మంచి పనోడు" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. శాలువా కోసం తల వంచినప్పుడు, పొయ్యి ముందు లేని వేడి హజరత్తయ్య చెవుల్లోకి పాకింది. ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

రైలు కదిలింది. ఇంజను వెనక బల్ల మీద హజరత్తయ్య, అతని వెనకే చిన్నపోలయ్య. ఇంకెవరినీ ఎక్కించలేదు. మొదటి చుట్టు సగమయ్యేసరికి ముసలాయన భుజం మీద తట్టాడు.

"నీళ్లు చూడబ్బాయ్."

గాజుగొట్టంలో నీళ్లు అడుక్కి జారిపోయి ఉన్నాయి. ఇంకాసేపైతే బాయిలరు మాడేది. మూడేళ్లలో ఏనాడూ చెయ్యని తప్పు. గబగబా చేతిపంపు కొట్టాడు. నీళ్లు మెల్లగా పైకి లేచాయి. భుజం మీది చెయ్యి అలాగే ఉంది.

రెండో చుట్టులో రొయ్యల గుంటల వైపు మలుపు వచ్చింది. అక్కడ మనుషులుండరు. గుంటల్లో రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. హజరత్తయ్య వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

"అబద్ధం చెప్పినానయ్యా. కుర్చీ ఏసి కూర్చోమన్యారు, ఆ కుర్చీలో కూర్చోని క్లీనర్నని చెప్పలేకపోయినా. మీ ముందర శాలువా కప్పించుకున్యా. నాకు సిగ్గుగా ఉండాది."

కాసేపటికి ముసలాయన నుదురు వచ్చి అతని వీపుకు ఆనింది. క్షమించాడనుకున్నాడు హజరత్తయ్య. ఆ బరువు చెదరకుండా, మిగిలిన దూరమంతా కూత కూడా వెయ్యకుండా, మెల్లగా తోలుకొచ్చాడు.

ప్లాట్‌ఫారం దగ్గర ఆపాక సుభాషిణి "తాతా" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. క్లబ్బు మిత్రుల్లో ఒకరైన డాక్టరు పరిగెత్తుకొచ్చి నాడి చూసి, నిలబడి, కళ్లద్దాలు తీసేశాడు.

ఆయన్ను కారులో పడుకోబెడుతుంటే హజరత్తయ్య సాయానికి పోలేకపోయాడు. నిప్పున్న ఇంజనును వదిలి కదలకూడదు. మోకాళ్ల మీద కూర్చుని పొయ్యి అడుగు లాగి, ఎర్రని బొగ్గులను ఇసుకలో పోశాడు.

కారెక్కబోతూ సుభాషిణి అతని దగ్గరికి వచ్చింది. "తాత ఆఖరుగా మీతోనే ఉన్యాడు. మీరు కూడా ఆయన మాదిరి డ్రైవరే గదా? వచ్చినోళ్లకు చెప్పుకుంటాం."

సుశీల్ కుమార్ పక్కనే ఉన్నాడు. ఊఁ అంటే సరిపోయేది.

"కాదమ్మా" అన్నాడు హజరత్తయ్య. "నేను ఆయన ఇంజను తుడిచేవాణ్ణి. డ్రైవర్నని నేనే చెప్పుకున్యా. ఆయన నా పరువు పోకుండా మావాడే అని ఊరుకున్యాడు. మీరెవరికన్నా చెప్తే క్లీనరనే చెప్పండి."

ఆమె అర్థం కానట్టు చూసి, తలూపి వెళ్లిపోయింది. హజరత్తయ్య తీసి పెట్టిన శాలువా మడతను సుశీల్ కుమార్ అటూ ఇటూ తిప్పాడు.

"ఇంజను చల్లారాక లోపల పెట్టండి" అన్నాడు. ఏ పేరూ పెట్టి పిలవలేదు.

మధ్యాహ్నానికి అందరూ వెళ్లిపోయారు. హజరత్తయ్య ఇంజను తుడిచి, షెడ్డులోకి తోసి, తాళం వేసి తిరిగొస్తుంటే ప్లాట్‌ఫారం బెంచీ మీద ఏదో కనబడింది. ముసలాయన చెవి మిషను. రైలెక్కే ముందు, కూత చప్పుడుకు ఓర్చుకోలేక తీసి పెట్టినట్టున్నాడు. దాన్ని తీసుకుని గుప్పిట మూశాడు. సన్నగా కుయ్యిమంది. గుప్పిట తెరిచాడు. ఆగిపోయింది.

మలుపులో చెప్పిన మాట ఆయన చెవిన పడనే లేదన్నమాట. హజరత్తయ్య బెంచీ చివర కూలబడ్డాడు.

సుభాషిణికి పంపించమని సుశీల్ కుమార్‌కు ఫోను చేద్దామనుకుని, మిషనును బెంచీ మీద మెల్లగా పెట్టాడు. చిక్కుడుగింజంత ఉంది. దాని సన్నని గొట్టం ఒకే ఒక్క చెవికి సరిపోయేలా వంపు తిరిగి ఉంది.