నోరెత్తని బిడ్డకు బహుమానం

జెసింతాకు వారానికి దొరికేది ఒక్క ఆదివారం. వారం బట్టలన్నీ ఆ రోజే ఉతకాలి, కొళాయి వస్తే నీళ్లు పట్టుకోవాలి, సాయంత్రం చర్చికి పోవాలి. మిగతా రోజులు తెల్లవారకముందే రైలెక్కి, బెంగుళూరు గార్మెంట్సు ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి, కూతురు నిద్రపోయాక ఆండర్సన్‌పేట చేరుతుంది. బంగారు గనులు మూతపడ్డాక ఆ పేట బతుకంతా ఆ రైలుకే వేలాడుతోంది.

ఆమె చేతులు సబ్బు నురగలో ఉండగానే వీణ వచ్చి గడప దగ్గర కూర్చుంది. పిల్లల్లో వచ్చే మానసిక కుంగుబాటు మీద పరిశోధన చేస్తోందామె. మొన్న బళ్లో మాట్లాడినప్పుడు జెసింతా కూతురు, పధ్నాలుగేళ్ల ఏంజెలిన్, తల ఎత్తకుండా ఒక మాట అంది: "రాత్రి పడుకుంటే ఇంగ తెల్లారకుంటే బాగుండు అనిపిస్తాదక్కా." ఇది మీ అమ్మకు చెప్పక తప్పదని పిల్లతో చెప్పే, ఇప్పుడు ఇంటికి వచ్చింది.

ఆ మాట వినగానే జెసింతా చేతిలో దుప్పటి అట్లాగే ఆగిపోయింది. తర్వాత నవ్వేసింది.

"నా బిడ్డకు రోగమా? నోట్లో ఏలు పెట్టినా కొరకదు మేడమ్! ఎదురు చెప్పదు, ఆటలకు పోదు, పెడితే తింటాది, పెట్టకుంటే అడగను గూడా అడగదు. ఈ పొద్దు చర్చిలో మంచి బిడ్డ అని ప్రైజు ఇస్తా ఉండారు. వచ్చి చూడండి!"

"ముందు నుంచీ ఇట్లాగే ఉండేదా అమ్మా?"

జెసింతా దుప్పటిని బండకేసి బాదింది. ఒకప్పుడు ఆ పిల్ల నవ్వితే వీధి చివరికి వినబడేది. తండ్రి అంతోని పనికని పోయి తిరిగిరాని ఏడాది ఆ నోరు మూతపడింది. పిల్లకు బుద్ధి వచ్చిందిలే అని తల్లి సంతోషపడింది.

"బేజారు దానికొక్కదానికేనా మేడమ్? ఈ పేటలో బేజారు లేనోళ్లు యాడుండారు?"

"ఇది వేరే అమ్మా. గురువారం గురువారం బెంగుళూరు ఆసుపత్రికి తీసుకురండి, నయమవుతుంది. చిన్నపిల్ల కాబట్టి మీరు వెంట లేకుంటే చూడరు."

"వారం వారం లీవంటే సూపర్‌వైజరు గేటు బయటే నిలబెడతాడు. అప్పుడు మేమేం తినేది? పిచ్చాసుపత్రికి పోయిందని తెలిస్తే రేపు దీన్ని చేసుకునేదెవురు?"

గనులతో పాటే ఆసుపత్రీ మూతపడిన ఊరది. వీణ రోగం పేరు చెప్పగలదు, అంతే. ఆ తల్లికి ఒక్క గురువారం తెచ్చిపెట్టే దారి ఆమె చదువులో ఎక్కడా లేదు. ఆ చదువు మీదే ఆమెకు అసహ్యం వేసింది. తలుపు వెనక ఏంజెలిన్ బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా వింటోంది.

సాయంత్రం చర్చి నిండిపోయింది. వీణ వెనక బెంచీలో కూర్చుంది. అల్లరి చేసిన పిల్లకు బెత్తం, ఎదురు చెప్పిన పిల్లకు తిట్లు, లోలోపల చచ్చిపోతున్న పిల్లకు స్టీలు టిఫిన్ డబ్బా! మన న్యాయం ఇట్లా ఏడ్చింది.

"ఈ ఏడాది మంచి బిడ్డ, ఏంజెలిన్!" అని పాస్టరుగారు పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏంజెలిన్ లేవలేదు.

"లేయే పాపా, అయ్యగారు పిలస్తా ఉండారు," అంటూ జెసింతా మోచేత్తో పొడిచింది.

"నాకొద్దమ్మా."

"ఏమే?"

"నాకొద్దు!" ఈసారి చర్చంతా వినబడింది. "నేను మంచి బిడ్డను కాదు. నాకు బాగలేదు."

చప్పట్లు ఆగిపోయాయి. దయ్యం పట్టినట్టుండాదే అని ఎవరో గొణిగారు. జెసింతా తల వంచుకుని తనే పోయి డబ్బా తీసుకుంది. "సిగ్గుపడతా ఉండాది అయ్యగారూ," అని అబద్ధమాడింది.

రోడ్డు మీదికి వచ్చాక కూతురి రెక్క పట్టుకుని ఊపేసింది. "అందరి ముందరా నా మానం తీస్తివి గదే!" అంటూ తనే ఏడ్చేసింది.

ఏంజెలిన్ ఏడవలేదు. "గురువారం నేను ఆసుపత్రికి పోతానమ్మా."

"ఎవురు తీసుకపోతారే నిన్ను?"

ఏంజెలిన్ వాళ్ల వెనకే వచ్చిన వీణ వైపు చూసింది. వీణ తల దించుకుంది.

"నువ్వు రాకుంటే ఒక్కదాన్నే పోతా."

ఒక్కతే పోతే చూడరని ఆ పిల్లకూ తెలుసు. పొద్దున విన్నదే. జెసింతా డబ్బాను రెండు చేతులా పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. ఫ్యాక్టరీకి పోయినా, ఆసుపత్రికి పోయినా, గురువారం ఎక్కాల్సింది ఆ రైలే. వెనక నుంచి ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆమె పక్కకు జరగలేదు.